‘సరే’ అన్నది ఎవరు?



వ్యవసాయం చేసే కుటుంబాలకు ఆటో స్టార్టరు సంగతి నేను చెప్పనక్కరలేదు. కరెంటు ఏ వేళ వస్తుందో తెలియని రోజుల్లో మన రైతు అర్ధరాత్రి బ్యాటరీ లైటు పట్టుకొని బావి దగ్గరకు నడిచేవాడు. ఆ నడకలో పాము కరిచి పోయినవారున్నారు. తడి చేతితో స్టార్టరు ముట్టుకొని పోయినవారున్నారు. అందుకని ఒక చిన్న పెట్టె తెచ్చి బిగించుకున్నాడు. కరెంటు రాగానే మోటారు దానంతట అదే నడుస్తుంది, రైతు ఇంట్లో నిద్రపోతాడు. అది తప్పని నేను అనలేను. ప్రాణభయంతో చేసిన ఏర్పాటు అది.

కాని ఆ పెట్టెకు తెలిసింది ఒక్కటే: కరెంటు ఉన్నదా, లేదా. మడి నిండిందా, గట్టు తెగిందా, బావి అడుగంటి మోటారు ఉత్తగా తిరుగుతున్నదా, పక్కవాని బోరు ఎండిపోతున్నదా, ఇవేవీ దానికి తెలియవు. 2018 జనవరి 1 నుండి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇవ్వడం మొదలైనప్పుడు, ఆటో స్టార్టర్లను తీసివేయండని ప్రభుత్వమే రైతులను కోరింది. అవసరం లేకపోయినా రాత్రింబవళ్లు మోటార్లు నడిస్తే భూమిలోని నీళ్లు ఇంకిపోతాయన్నది అప్పటి భయం.

రైతు నిద్రలో ఉండగా మోటారు నడిచింది. గట్టు తెగి పక్కవాని చేను మునిగింది. ఆ నష్టం ఎవరి చేతి మీదుగా జరిగినట్టు? పెట్టె చేసిందని అంటే పక్కవాడు ఊరుకుంటాడా? ఊరుకోడు, ఊరుకోకూడదు కూడా. ఈ వారం ఇదే ప్రశ్నను బావి దగ్గర నుండి కంప్యూటరు దగ్గరకు తీసుకువెళదాం. దానికి కారణం ఉన్నది. ఈ మధ్య కాటారంలో నా బల్ల మీదే అటువంటి గట్టు ఒకటి తెగింది.

కొత్త పనివాడు

మన కుటుంబాల పిల్లలు ఎందరో హైదరాబాదులోను, బెంగుళూరులోను, అమెరికాలోను కంప్యూటరు ఉద్యోగాలు చేస్తున్నారు. వారు చేసే పనిని ప్రోగ్రాములు రాయడం అంటారు. రెండు మూడేళ్లుగా ఆ పనిలోకి ఒక కొత్త పనివాడు చేరాడు. కృత్రిమ మేధతో నడిచే ఈ సహాయకునికి మామూలు మాటల్లో చెబితే చాలు, ప్రోగ్రాము రాసిపెడతాడు. అంతటితో ఆగడు. కంప్యూటరులోని ఫైళ్లను చదువుతాడు, మారుస్తాడు, కొత్తవి సృష్టిస్తాడు, పాతవి తుడిచివేస్తాడు, ఇంటర్నెట్టులోకి వెళ్లి కావలసినవి తెచ్చుకుంటాడు. హైదరాబాదులో పుట్టి మైక్రోసాఫ్ట్ సంస్థకు అధిపతి అయిన సత్య నాదెళ్ల గారు 2025 ఏప్రిల్‌లో ఒక సభలో మాట్లాడుతూ, తమ సంస్థలోని ప్రోగ్రాములలో నూటికి ఇరవై ముప్పై వంతుల దాకా ఇప్పుడు యంత్రమే రాస్తున్నదని చెప్పారు. కనుక ఇది ఎక్కడో దూరాన జరిగే వింత కాదు. మీ అబ్బాయి, మీ కోడలు రోజూ పక్కన కూర్చోబెట్టుకొని పనిచేయించే సహాయకుని సంగతి.

ఇటువంటి పనివానిని ఇంట్లోకి రానిచ్చేటప్పుడు ఎవరైనా ఒక మాట ఆలోచిస్తారు. ఇతనికి ఏ గది తాళం ఇవ్వాలి, ఏది ఇవ్వకూడదు? ఏ పని అడగకుండా చేయవచ్చు, ఏది అడిగి చేయాలి? ఈ సహాయకులను తయారుచేసినవారు కూడా అది ఆలోచించారు. అనుమతులకు మెట్లు పెట్టారు. ఏ మెట్టు మీద నిలబెట్టాలో నిర్ణయించే అధికారం మాత్రం వాడేవారి చేతిలోనే ఉంచారు.

వివరాలు ఆయా సంస్థలను బట్టి మారుతుంటాయి. స్థూలంగా మెట్లు నాలుగు. మొదటి మెట్టు మీద సహాయకుడు చూస్తాడు, చదువుతాడు, ఏమి చేస్తే బాగుంటుందో చెబుతాడు, దేనినీ ముట్టుకోడు. రెండవ మెట్టు మీద ప్రతి మార్పుకు ముందు ఆగి, ‘ఇది చేయనా?’ అని అడుగుతాడు. మూడవ మెట్టు మీద తనకు చూపిన ఫోల్డరులోని ఫైళ్లను అడగకుండా మారుస్తాడు, కాని కంప్యూటరుకు ఆజ్ఞలు జారీచేయాలంటే అడుగుతాడు. నాలుగవ మెట్టు మీద ఇక దేనికీ అడగడు. ఆ నాలుగవ మెట్టుకు తయారీదారులు పెట్టిన పేర్లు చూడండి. ఆంథ్రోపిక్ సంస్థ వారి క్లాడ్ కోడ్‌లో దాని పేరు ‘డేంజరస్లీ స్కిప్ పర్మిషన్స్’, అంటే ప్రమాదమైనా సరే అనుమతులు అడగవద్దు అని. ఓపెన్ ఏఐ వారి కోడెక్స్‌లోని పేరులోనూ ‘డేంజర్’ అనే మాటే ఉన్నది. విషం సీసా మీద పుర్రె బొమ్మ వేసి అమ్మినట్టు, ప్రమాదమని పేరులోనే రాసి ఇచ్చారు. అయినా ఆ సీసా మూత తీసేవారు తక్కువేమీ కాదు. ఎందుకు తీస్తారో నాకు మా అబ్బాయి వల్ల తెలిసింది.

‘రఫ్’ అని రాసి ఉన్న ఫైలు

మా దగ్గర పాత జ్ఞానస్నానాల రిజిస్టరు ఒకటి ఉన్నది. అందులో కొన్ని పేజీలను చెదలు తిన్నాయి. ఆ పేజీల మీద ఎవరెవరి పేర్లు ఉండేవో చెప్పగలిగినవారు ఒక్కరే మిగిలారు. ఆయన ముసలి ఉపదేశి. అడవి పల్లెలకు కాలినడకన తిరిగి, ఏ ఇంట్లో ఏ బిడ్డకు ఎప్పుడు జ్ఞానస్నానం జరిగిందో, తల్లిదండ్రులెవరో, సాక్షులెవరో మనసులో దాచుకున్న మనిషి. గడిచిన వేసవిలో ఆయన రోజూ సాయంత్రం వచ్చి వరండాలో కూర్చొని చెబుతుంటే, ఇంటర్ చదివే అమ్మాయి ఒకతె ఆఫీసు కంప్యూటరులో టైపు చేసింది. అచ్చుతప్పులు తరువాత సరిచేద్దామనుకొని ఆ ఫైలుకు ‘రఫ్’ అని పేరు పెట్టింది. వానాకాలంలో ఆ పెద్దాయన కన్నుమూశారు.

దసరా సెలవులకు హైదరాబాదు నుండి మా అబ్బాయి ఒకడు వచ్చాడు. అబ్బాయి అంటే, నా ముందు పెరిగిన పిల్లవాడు. కంప్యూటరు ఉద్యోగం. ‘ఫాదర్, రిజిస్టరులన్నీ ఒక వరుసలో పెట్టి, పేరు కొడితే పేజీ దొరికేటట్టు చేసిపెడతా’ అన్నాడు. తన సహాయకుని మా కంప్యూటరులో ఎక్కించి పని మొదలుపెట్టాడు. మొదటిరోజు అది ప్రతి చిన్న పనికీ ఆగి అడిగింది. ఈ ఫైలు తెరవనా? ఈ పేరు మార్చనా? ఈ ఆజ్ఞ ఇవ్వనా? అబ్బాయి ‘సరే, సరే’ అని నొక్కుతూ కూర్చున్నాడు. నేను చూస్తుండగా ముప్పై నలభై సార్లు నొక్కి ఉంటాడు. చివరకు వాటిని చదవడం మానేశాడు. ఆ సంగతి అతని కళ్లను చూస్తేనే తెలిసింది.

సాయంత్రం నా దగ్గరకు వచ్చి, ‘ఫాదర్, ఏవి ఉంచాలె, ఏవి తీసెయ్యాలె, జర కూసుండి చూస్తరా?’ అని అడిగాడు. నేను పక్క ఊరిలో భూస్థాపనకు బయలుదేరుతున్నాను. ‘ప్రతిదానికీ నన్ను పిలవకు నాయనా, నీకు తోచినట్టు చెయ్యి’ అన్నాను. అతడు వెళ్లి కంప్యూటరు ముందు కూర్చొని, నేను తనతో అన్నమాటే తన సహాయకునితో అన్నాడు. నాలుగవ మెట్టు మీద పెట్టి, ఫోల్డరు శుభ్రం చేసి వరుసలో పెట్టమని చెప్పి, భోజనానికి వెళ్లాడు.

తిరిగి వచ్చేసరికి పని అయిపోయింది. చక్కగా అయింది కూడా. ఒకే ఫొటో రెండుసార్లు ఉంటే ఒకటి తీసివేసింది, పేర్లు దిద్దింది, పట్టిక కట్టింది. వాటితో పాటు పనికిరాని చిత్తుప్రతి అనుకొని ‘రఫ్’ అన్న ఫైలును కూడా తుడిచివేసింది. మనం చేతితో తీసివేసిన ఫైలు చెత్తబుట్టలోకి వెళ్లి కొన్నాళ్లు ఉంటుంది. ఆజ్ఞ ద్వారా తుడిచివేసినది ఆ బుట్టలోకి కూడా వెళ్లదు. ఎన్ని విధాల వెదికినా దొరకలేదు. మధ్యలో ఎప్పుడో ప్రింటు తీసిన నాలుగు కాగితాలు మాత్రం ఆ అమ్మాయి పుస్తకంలో దొరికాయి.

అబ్బాయి ముఖం చిన్నబోయింది. ‘నేను తీసెయ్యమనలేదు ఫాదర్, అదే తీసేసింది’ అన్నాడు. నా నోటి దాకా కోపం వచ్చింది. అంతలోనే నేను అన్నమాట నాకు గుర్తుకు వచ్చింది. అతడు యంత్రం మీద పెడుతున్న నింద, నేను అతని మీద పెట్టబోతున్న నింద ఒక్కటే. ముగ్గురిలో అడగవలసిన చోట అడిగినవాడు ఆ అబ్బాయే. వద్దన్నది నేను.

నెల తిరగకుండా ఒక యువకుడు పెళ్లికి జ్ఞానస్నాన ధృవపత్రం కావాలని వచ్చాడు. అతని పేరు ఉండవలసింది చెదలు తిన్న పేజీలోనే. రిజిస్టరు లేకపోతే నమ్మదగిన సాక్షి ఒక్కరు చెప్పినా చాలునని మన శ్రీసభ చట్టం అంటున్నది. ఆ సాక్షి ఆ ఉపదేశి గారే. చివరకు అతని పెద్దమ్మ ఒకరు దొరికి పని జరిగింది. పెద్దమ్మ లేనివారి సంగతి ఏమిటో నేనింకా చెప్పలేను.

గడ్డం నిమురుకోవడం, చుక్కాని వదలడం

సెమినరీలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో పునీత తోమాసు అక్వినాసు గారి రెండు ఉదాహరణలు మాకు నేర్పారు. అప్పుడు వాటిని పరీక్ష కోసం కంఠస్థం చేశాను. ఇప్పుడు అవి నా ఎదుట వచ్చి నిలబడ్డాయి.

మొదటిది గడ్డం సంగతి. ఒక మనిషి ఏదో ఆలోచిస్తూ, తెలియకుండానే గడ్డం నిమురుకుంటాడు. అది మనిషి శరీరం చేసిన పనే గాని, మనిషి మనిషిగా చేసిన పని కాదంటాడు తోమాసు. బుద్ధి చూసి, మనసు ఒప్పుకొని చేస్తేనే అది నిజమైన మానవ క్రియ. మరి ముప్పై తొమ్మిదవసారి చదవకుండా ‘సరే’ నొక్కిన వేలు ఏమి చేసినట్టు? అది ఒప్పుకోలు కాదు, గడ్డం నిమురుకోవడమే. కంప్యూటరు దానిని అనుమతిగా రాసుకుంటుంది. మనసు మాత్రం అక్కడ లేదు.

అలాగైతే అతనికి బాధ్యత లేదని తేలుతుందా? ఇక్కడే రెండవ ఉదాహరణ వస్తుంది. చుక్కాని పట్టవలసినవాడు పట్టకుండా ఉండగా ఓడ మునిగితే, మునగడానికి కారణం అతడే. అతడు ఏమీ చేయలేదు, నిజమే. కాని పట్టగలిగి, పట్టవలసినవాడై ఉండి పట్టలేదు. చేయకపోవడం కూడా చేసిన పనిగానే లెక్కకు వస్తుంది. చదవకుండా నొక్కిన ‘సరే’ ఒప్పుకోలు కాకపోవచ్చు, కాని చదవకుండా ఉండేటట్టు తనను తాను మార్చుకున్నవాడు దానికి జవాబుదారి. దేనికీ అడగవద్దన్న మెట్టును ఎంచుకున్నవాడు ఆ తరువాత జరిగే ప్రతి పనికీ ముందుగానే సంతకం పెట్టిన ఖాళీ కాగితం ఇచ్చినట్టు. ఆ కాగితం మీద ఏమి రాయబడినా సంతకం అతనిదే.

యంత్రానికి ఈ బాధ్యతలో వాటా లేదు. అది సిగ్గుపడదు, పశ్చాత్తాపపడదు, నష్టపరిహారం కట్టదు. 2025 జనవరిలో వాటికను వెలువరించిన ‘అంతీకువా ఎత్ నోవా’ అనే పత్రం కూడా ఇదే సంగతిని నొక్కి చెప్పింది: నైతిక బాధ్యత మోయగలిగినది మనిషి ఒక్కడే. బరువును అప్పగించడానికి అక్కడ ఇంకొకరు లేరు.

అన్నింటికీ అడగమంటే సరిపోతుందా?

‘అయితే ఫాదర్, రెండవ మెట్టు మీదే ఉంచి ప్రతిదానికీ అడగమంటే గొడవ లేదు కదా’ అని మీరు అనవచ్చు. నేను కూడా మొదట అలాగే అనుకున్నాను. కాని జరిగింది చూడండి. అడగడం ఎక్కువయినందువల్లనే అబ్బాయి చదవడం మానేశాడు. నూరు ప్రశ్నలలో తొంభై తొమ్మిది పనికిమాలినవైతే, అసలైన నూరవ ప్రశ్న కూడా వాటితో పాటే కొట్టుకుపోతుంది. ప్రతి చిన్నదానినీ పాపమేమో అని వణికే అంతరాత్మ గురించి నీతిశాస్త్రం మనలను హెచ్చరిస్తుంది. అటువంటి మనిషి కొంతకాలానికి అలసిపోయి, దేనినీ పట్టించుకోనివాడుగా మారిపోయే ప్రమాదం ఉన్నది. అతి భయం, అతి నిర్లక్ష్యం అనేవి ఒక తల్లి బిడ్డలే.

పైగా, పని అప్పగించడం తప్పు కాదు. కింది స్థాయివారు చేయగలిగిన పనిని పైస్థాయివారు లాక్కోవడం అన్యాయమని జగద్గురువులు 11వ పయస్ గారు 1931లోనే బోధించారు. ఆయన చెప్పింది మనుషుల సంఘాల గురించి. అయినా అందులోని వివేకం ఇక్కడా పనికివస్తుంది. ఇంటి బీరువా తాళాలు కోడలికి ఇవ్వని అత్తగారు జీవితాంతం తాళాలు మోస్తూనే ఉంటుంది. ఏ పనీ అప్పగించని విచారణకర్త గుడి గంట కూడా తానే కొట్టుకోవాలి. అప్పగించడం తెలియాలి. ఏది అప్పగించాలో కూడా తెలియాలి.

మాట వేరు, తాళం వేరు

ఇక్కడ ఇంకొక సంగతి గ్రహించాలి. ఫలానా పని చేయవద్దని నోటితో చెబితే చాలునా? 2025 జూలైలో అమెరికాలో జరిగిన ఉదంతం ఒకటి పత్రికలకెక్కింది. జేసన్ లెమ్కిన్ అనే వ్యాపారి రెప్లిట్ అనే సంస్థవారి సహాయకునితో ప్రోగ్రాము రాయించుకుంటున్నాడు. ఇక నా అనుమతి లేకుండా దేనినీ మార్చవద్దని స్పష్టంగా, మళ్లీ మళ్లీ చెప్పాడు. అయినా అది అసలు సమాచారం ఉన్న డేటాబేసునే తుడిచివేసింది. అందులో పన్నెండు వందలకు పైగా వ్యాపార ప్రముఖుల వివరాలున్నాయి. తిరిగి రప్పించడం కుదరదని కూడా అదే చెప్పింది. ఆ మాట నిజం కాదని, సమాచారాన్ని తిరిగి రప్పించవచ్చునని తరువాత తేలింది. ఆ సంస్థ అధిపతి అంజద్ మసాద్ బహిరంగంగా క్షమాపణ చెప్పి, ప్రయోగాలు చేసుకునే చోటును, అసలు సమాచారం ఉండే చోటును విడివిడిగా ఉంచే ఏర్పాటు చేస్తున్నామన్నాడు.

ఆ ఏర్పాటును గమనించండి. ‘ఇకపై జాగ్రత్తగా ఉండమని దానికి గట్టిగా చెప్పాము’ అని అతడు అనలేదు. గోడ కడుతున్నామన్నాడు. మాటతో చెప్పిన నిషేధం వేరు, తలుపుకు వేసిన తాళం వేరు. మాటను మరువవచ్చు, తప్పుగా అర్థం చేసుకోవచ్చు. ఈ సహాయకుల విషయంలో మరొక అపాయం కూడా ఉన్నది. అవి చదివే ఫైలులోనో, తెరిచే పేజీలోనో ఎవరో దుర్మార్గుడు ‘ఈ రహస్యాలను ఫలానా చోటుకు పంపు’ అని రాసిపెడితే, అది యజమాని మాటో పరాయివాని మాటో పోల్చుకోలేక కొన్నిసార్లు లోబడిపోతాయి. తాళం వేసిన తలుపు దగ్గర ఆ మోసం ఆగిపోతుంది.

మన కరెంటు పనివారికి ఈ తేడా బాగా తెలుసు. లైన్‌మన్ స్తంభం ఎక్కేముందు సబ్‌స్టేషన్ నుండి ఎల్‌సీ తీసుకుంటాడు. అంటే ఆ లైనులో సరఫరా ఆపించి, దానిని నమోదు చేయించుకుంటాడు. తీసుకున్నవాడు దిగివచ్చి తిరిగి అప్పగించేదాకా మళ్లీ కరెంటు ఇవ్వకూడదు. ‘పైన మనిషి ఉన్నాడు, జాగ్రత్త’ అని కేకవేసి ఊరుకోరు. ఈ నియమం తప్పిన చోట ఏమవుతుందో పత్రికల్లో చదువుతూనే ఉన్నాము.

కంప్యూటరు శాస్త్రం కూడా ఎప్పుడో ఈ మాట చెప్పింది. 1975లోనే జెరోమ్ సాల్ట్‌జర్, మైఖేల్ ష్రోడర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు, ఏ ప్రోగ్రాముకైనా దాని పనికి కావలసినంత అధికారమే ఇవ్వాలి, అంతకు మించి ఇవ్వకూడదు అనే సూత్రాన్ని వివరించారు. నేటి సహాయకులలో ఆ సూత్రాన్ని పాటించే సాధనాలున్నాయి. అడగకుండా చేయదగినవి, అడిగి చేయవలసినవి, ఎన్నడూ చేయకూడనివి అని మూడు జాబితాలు రాసిపెట్టుకోవచ్చు. క్లాడ్ కోడ్‌లో ఒకే పని రెండు జాబితాలలోనూ ఉంటే ‘కూడదు’ అన్నదే నెగ్గుతుంది. ఇంకా మంచిది, సహాయకుని ఒక ప్రహరీలో ఉంచడం. లోపల స్వేచ్ఛగా తిరుగుతాడు, గోడ దాటలేడు. అటువంటి ప్రహరీ కట్టిన తరువాత తమ సొంత వాడకంలో అనుమతి ప్రశ్నలు నూటికి 84 వంతులు తగ్గాయని ఆంథ్రోపిక్ వారు 2025 అక్టోబరులో తెలిపారు. అంటే భద్రత పెరిగితే విసుగు పెరగాలన్న నియమం లేదు. గోడ సరైన చోట ఉంటే ప్రశ్నలు తగ్గుతాయి, మిగిలిన కొద్ది ప్రశ్నలను మనిషి నిజంగా చదువుతాడు.

గీత ఎక్కడ గీయాలి?

ఇంతకూ ఏది అప్పగించాలి, ఏది చేతిలో ఉంచుకోవాలి? పని పెద్దదా చిన్నదా అన్నది కొలత కాదు. నా మట్టుకు కొలత ఒక్కటే: తప్పు జరిగితే దానిని వెనక్కు తిప్పగలమా? వెనక్కు తిప్పగలిగిన పనిని ధైర్యంగా అప్పగించవచ్చు. వంద పేజీలు తప్పుగా రాసినా, పాత ప్రతి భద్రంగా ఉంటే నష్టం ఒక పూట శ్రమ. తుడిచివేయడం, పరులకు పంపడం, డబ్బు చెల్లించడం, ఇతరుల రహస్యాలను తెరవడం, ఇవి అటువంటివి కావు. వీటి ముందు మనిషి ఆగాలి, చదవాలి, తన పేరు మీద ‘సరే’ అనాలి.

రెండవ కొలత కూడా ఉన్నది. అక్కడున్న వస్తువు ఎవరిది? నా సొంత ఉత్తరాల మీద నేను ఎంత తెగింపైనా చేయవచ్చు. కాని ఆ ‘రఫ్’ ఫైలు నాది కాదు, అబ్బాయిది కాదు. పల్లెల్లోని ఆ కుటుంబాలది, చనిపోయిన ఒక వృద్ధుని జ్ఞాపకానిది. నాది కానిదాని మీద ఇతరులకు అనుమతి ఇచ్చే హక్కు నాకు ఎక్కడిది? కంపెనీలో పనిచేసే మన పిల్లలు కూడా ఈ మాట వేసుకోవాలి. వారి ముందున్న కంప్యూటరులో ఉన్నది ఎవరి బ్యాంకు ఖాతానో, ఎవరి ఆసుపత్రి కాగితమో. ఆ మనుషులు వీరికి ముఖాలు తెలియనివారు, కాని నిజమైన మనుషులు.

‘మాకు అంత తీరిక ఎక్కడిది ఫాదర్? పై అధికారి తొందర పెడతాడు’ అని ఆ పిల్లలు అంటారు. వారి కష్టం నాకు అర్థమవుతుంది. అర్ధరాత్రి బావికి నడిచిన రైతు కష్టం కూడా ఇటువంటిదే. అందుచేత నింద అంతా వారి మీద మోపడం న్యాయం కాదు. తొందర పెట్టినవాడు, చూడడానికి సమయం ఇవ్వనివాడు, ‘నీకు తోచినట్టు చెయ్యి’ అని వెళ్లిపోయినవాడు కూడా ఆ ‘సరే’లో పాలివాడే. ‘మనిషి కూడా తప్పులు చేస్తాడు కదా, యంత్రమే నయం’ అనేవారు కూడా ఉన్నారు. చాలా పనులలో అది నిజమే కావచ్చు. కాని తప్పు చేసిన మనిషి మర్నాడు మన గడప తొక్కి తలవంచుకొని నిలబడతాడు. నాలుగవ మెట్టు మీద జరిగిన తప్పుకు అలా వచ్చి నిలబడవలసినది ఎవరో ముందే తేల్చుకొని ఉండాలి.

మా ఆఫీసులో ఇప్పుడు

మా అబ్బాయి తిరిగి వెళ్లేముందు రోజు మేమిద్దరం కూర్చున్నాము. ఈసారి నేను కూడా కుర్చీ వేసుకున్నాను. మొదట ఉన్నదంతా ఒక పెన్‌డ్రైవులోకి ఎక్కించి బీరువాలో పెట్టాము. సహాయకుని కోసం వేరే ఫోల్డరు చేసి, అసలు ఫొటోలు కాక వాటి నకళ్లు మాత్రమే అందులో ఉంచాము. చదవడానికి, పట్టిక కట్టడానికి అడగనక్కరలేదన్నాము. తుడిచివేయడాన్ని ‘కూడదు’ జాబితాలో రాశాము. ఫైలు పేరు మార్చాలంటే అడగమన్నాము. అన్నీ కలిపి అరగంట పట్టింది. ఆ అరగంట నేను ముందే ఇచ్చి ఉంటే ఈ వ్యాసం రాసే అవసరం ఉండేది కాదు.

మీ ఇంట్లో కంప్యూటరు పనిచేసే పిల్లలుంటే, ఈసారి సెలవులకు వచ్చినప్పుడు ఒక్క మాట అడగండి: ‘నీ సహాయకుని ఏ మెట్టు మీద నిలబెట్టావు? అది తప్పు చేస్తే వెనక్కు తిప్పగలవా?’ మీకు ప్రోగ్రాములు తెలియనక్కరలేదు. బావి దగ్గర మోటారు నడిపినవారికి ఆ ప్రశ్న అర్థం తెలుసు, జవాబు సరిగా ఉన్నదో లేదో కూడా తెలుస్తుంది. వారు ఎప్పుడైనా మీ దగ్గరకు వచ్చి ‘జర కూసుండి చూస్తరా?’ అని అడిగితే, ఎంత పనిలో ఉన్నా కూర్చోండి.

ఉపదేశి గారు చెప్పిన పేర్లలో మా దగ్గర మిగిలినవి ఆ నాలుగు కాగితాలలో ఉన్నవే. మిగతా వాటి కోసం ఇప్పుడు ఆదివారాలు మధ్యాహ్నం ఇంటింటికీ తిరిగి అడుగుతున్నాను. చెదలు తిన్న పేజీల కాలంలో ఆ పల్లెల్లో పుట్టినవారు, వారి బంధువులు ఎవరైనా ఈ పత్రిక చదువుతుంటే, దయచేసి వచ్చి మీకు తెలిసింది చెప్పండి. ఈసారి టైపు చేసేదాని పేరు ‘రఫ్’ అని ఉండదు.